మొదట కూర్చునే మనిషి

అతన్ని అందరూ పచ్చలైటు మేస్త్రి అనేవారు. ఇంట్లో పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ దానితో ఎవరికీ పని పడలేదు. భార్య కూడా "ఏమండీ" అన్న ఒక్క మాటతోనే ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చింది. కమోడ్లు బిగించడం అతని వృత్తి. ఈ మాట వినగానే ముక్కు చిట్లించేవాళ్ళు ఉంటారు. చిట్లించుకోండి. పొద్దున్నే లేచి మొదట మీరు వెళ్ళేది ఎక్కడికో ఒకసారి గుర్తు తెచ్చుకుని, ఆ తర్వాత తీరిగ్గా చదవండి.

ఇరవై రెండేళ్ళు మామూలు కమోడ్లే బిగించాడు. పని నేర్చిన కొత్తలో ఒక ఇంట్లో బోల్టు సరిగ్గా బిగియక కమోడ్ ఒరిగింది. దాని మీద కూర్చున్న పెద్దాయన పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ ఇంటివాళ్ళు అతన్ని పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే అతన్ని ఎక్కువ కాల్చింది. ఆనాటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాడు. పని అయ్యాక తలుపేసుకుని, తానే మొదట కూర్చుని, అటూ ఇటూ బరువు వేసి, వాడి చూసి, కడిగి, అప్పుడు ఇంటివాళ్ళకి అప్పగించేవాడు. "నేను కూర్చోని దాని మీద ఇంకొకళ్ళని కూర్చోబెట్టను" అనేవాడు. తోటి మేస్త్రీలు నవ్వేవాళ్ళు. కొత్త ఇళ్ళన్నిటికీ నువ్వే ప్రారంభోత్సవం చేస్తున్నావురా అని ఆటపట్టించేవాళ్ళు. అతనికి కోపం రాలేదు, మనసులో కాస్త గర్వంగా కూడా ఉండేది.

తర్వాత తెలివైన కమోడ్లు వచ్చాయి. మనిషి దగ్గరికి రాగానే మూత దానంతటదే లేస్తుంది. సీటు వెచ్చబడుతుంది. ఎవరికి ఎంత వెచ్చదనం కావాలో, నీళ్ళు ఎంత ధారగా రావాలో, ఏ వేళకి వస్తారో, ఒక్కొక్కరి సంగతీ విడివిడిగా గుర్తు పెట్టుకుంటుంది. అంతటితో ఊరుకోదు. మూత్రాన్ని చదువుతుంది. అంతా బాగుంటే తలుపు పక్కన గోడకి బిగించిన దీపం పచ్చగా వెలుగుతుంది. ఏదైనా తేడా ఉంటే పసుపు. డాక్టరు దగ్గరికి పొమ్మంటే ఎరుపు. వీటిని అమ్మే కంపెనీ ఒకటి పదిహేను మంది మేస్త్రీలని పోగుచేసి మూడు రోజులు శిక్షణ ఇచ్చింది. అందులో మనవాడు ఒకడు.

రెండో రోజున కంపెనీ డాక్టరు పదిహేను మంది చేతా తలా ఒక సీసా నింపించి, యంత్రం ఎలా చదువుతుందో చూపించాడు. ఒకరికి చక్కెర ఎక్కువన్నది, ఒకరికి నీళ్ళు తక్కువన్నది, ఒకరికి పొగాకు మానమన్నది. మన మేస్త్రి వంతు వచ్చేసరికి ఏ వంకా లేకుండా పచ్చదీపం వెలిగింది. డాక్టరు కాగితం పైకెత్తి, "మీది పాఠ్యపుస్తకంలో అచ్చు వెయ్యొచ్చు మేస్త్రిగారూ" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. అతను మాత్రం నవ్వలేదు. బళ్ళో ఏ పరీక్షా గట్టెక్కని మనిషి. నలుగురి ముందు అతనికి వచ్చిన మొదటి మార్కులు అవే. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భార్యకి ఆ మాట నాలుగుసార్లు చెప్పాడు.

ఆవిడ బట్టలు కుట్టేది. నోట్లో ఉన్న గుండుసూది తీసి, "కాగితం కూడా ఇచ్చారా? ఫ్రేము కట్టిద్దామా?" అంది.

ఇక్కడో చిన్న సంగతి చెప్పాలి, కథంతా దాని మీదే నడుస్తుంది. కొత్త యంత్రానికి ఆరోగ్యమంటే ఏమిటో తెలియదు. ఎవరైనా చెప్పాలి. అందుకు కంపెనీ ఒక్కో యంత్రానికి ఒక్కో నమూనా సీసా పంపేది. రెండు మీటలు కలిపి నొక్కి పట్టుకుని ఆ సీసా ఒంపితే, మూడుసార్లు కూత పెట్టి, ఇదే ఆరోగ్యమని యంత్రం నేర్చుకునేది. ఆ తర్వాత ఎవరు వచ్చినా దానితో పోల్చి, అంతకంటే పాడైతేనే రంగు మార్చేది. పాఠం మార్చాల్సి వస్తే మాత్రం అప్పటిదాకా గుర్తు పెట్టుకున్న మనుషులందరినీ మరిచిపోయేది. మళ్ళీ మొదటి నుంచి అందరి ఇష్టాలూ చెప్పుకోవాలి.

ఆ సీసాలు మంచుపెట్టెలో ఉండాలి. ఎండలో ఊరంతా తిరిగేసరికి మధ్యాహ్నానికి మబ్బు పట్టేవి. కొత్తది కావాలంటే ఆఫీసుకి అర్జీ రాసి వారం ఆగాలి. ఒకనాడు ఒక ఇంటాయన, ఇవాళ పూర్తి చెయ్యకపోతే యంత్రం వెనక్కి పట్టుకుపొమ్మని ఇంతెత్తున లేచాడు. చేతిలో ఉన్న సీసా చూస్తే మజ్జిగలా ఉంది. అప్పుడు మేస్త్రికి డాక్టరు మాట గుర్తొచ్చింది. పాఠ్యపుస్తకం ఒంట్లోనే ఉండగా సీసా కోసం వెతకడమేమిటి? ఎలాగూ మొదట కూర్చునేది తానే. తలుపేసుకున్నాడు, రెండు మీటలూ నొక్కాడు. యంత్రం మూడుసార్లు కూత పెట్టింది. దీపం పచ్చగా వెలిగింది. ఇంటాయన చల్లబడ్డాడు.

ఆ తర్వాత సీసాలు తీసుకెళ్ళడమే మానేశాడు. పొద్దున రెండు చెంబుల నీళ్ళు తాగి, బిగబట్టుకుని పనికి వెళ్ళేవాడు. అది చూసి భార్య, "ఊళ్ళో మగాళ్ళందరూ క్యారేజీ పట్టుకుని పోతారు, మీరేమో కడుపులో సరుకు పెట్టుకుని పోతున్నారు" అని నవ్వేది. ఏ ఇంట్లోనైనా పచ్చదీపం వెలిగితే గానీ బయటికి వచ్చేవాడు కాదు గనక ఆ పేరు వచ్చింది. నాలుగేళ్ళలో వెయ్యికి పైగా యంత్రాలు. అవన్నీ ఆరోగ్యమంటే ఏమిటో అతని ఒంటిని చూసే నేర్చుకున్నాయి. ఇందులో దొంగతనం లేదు, మోసం లేదు. చేసిన పని మీద అతనికి ప్రేమ కూడా ఉంది. అదే నాకు మింగుడుపడదు.

మొదటి ఏడాదిలోనే ఇద్దరు అక్కచెల్లెళ్ళ ఇంట్లో ఒకటి బిగించాడు. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్ళు లైన్లు కలిపి రిటైరైంది. చెల్లెలు లైబ్రరీలో పని చేసేది. అక్కగారికి ఆస్పత్రి అంటే చచ్చేంత భయం. జ్వరం వచ్చినా తలుపేసుకుని పడుకునేది గానీ డాక్టరు పేరెత్తనిచ్చేది కాదు. "తను డాక్టరు దగ్గరికి రాదు, అందుకని డాక్టర్నే ఇంట్లో పెడుతున్నాను" అని చెల్లెలు ఆ యంత్రం కొంది.

అక్కగారు మొదట దాన్ని చూసి ఛీ అంది. ఇదేం వేషమని చెల్లెల్ని తిట్టింది. నెల తిరక్కుండానే దానికి దాసోహమైపోయింది. పొద్దున సరిగ్గా ఐదున్నరకి లేచేది. అది ఐదూ ఇరవై ఎనిమిదికే సీటు వెచ్చబెట్టి కూర్చునేది. "ముప్పై ఏళ్ళు అందరికీ లైన్లు కలిపాను మేస్త్రీ. నా కోసం ఒక వస్తువు ముందుగా లేచి సిద్ధంగా ఉండటం ఇదే మొదటిసారి" అంది ఒకసారి అతను నీళ్ళ ఫిల్టరు మార్చడానికి వెళితే. దీపం మీద ఆవిడకి గురి. ఎక్స్ఛేంజీ బోర్డు మీద దీపం వెలిగిందంటే అవతల ఎవరో మాట్లాడటానికి ఉన్నట్టే, ఒక్కనాడూ దీపం తనతో అబద్ధమాడలేదని చెప్పేది.

ఈలోగా మేస్త్రి ఒంట్లో ఏదో మొదలైంది. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. సాయంత్రానికి పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీల గుర్తులు పడేవి. చెప్పులు బిగుతన్నాడు. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. వయసన్నాడు. మూత్రం నురగ కట్టేది. అది మాత్రం అతను గమనించనే లేదు, ఎందుకంటే ఆ కమోడ్లు శుభ్రత కోసం ముందే గిన్నెనిండా సబ్బు నురగ చిమ్ముతాయి. రోజూ ఒకటో రెండో యంత్రాల మీద కూర్చునే మనిషికి అనుమానమెందుకొస్తుంది? ప్రతి యంత్రమూ అతనికి పచ్చదీపమే చూపించింది. చూపించదా మరి! ఇదే ఆరోగ్యమని పది నిమిషాల క్రితం దానికి నేర్పింది తనే.

మూడో ఏడు దాటాక అక్కచెల్లెళ్ళ ఇంటి నుంచి ఫోను వచ్చింది. అక్కగారికి వారం రోజులుగా పసుపు వెలిగి, రెండు రోజుల నుంచి ఎరుపు వెలుగుతోంది. చెల్లెలు కాళ్ళావేళ్ళా పడి గురువారానికి డాక్టరు దగ్గర పేరు రాయించింది. అక్కగారు ఒప్పుకుంది, కానీ ఒక షరతు మీద. ముందు మేస్త్రి వచ్చి చూడాలి, యంత్రం సరిగ్గానే ఉందని అతను చెబితే వస్తుంది. అప్పటికే ఒక సంచి సర్దుకుంది. అందులో తువాలు, దువ్వెన, కళ్ళజోడు, చదువుతున్న పుస్తకం.

మేస్త్రి మంగళవారం వెళ్ళాడు. గొట్టాలు చూశాడు, వైర్లు చూశాడు, మూత్రాన్ని చదివే పట్టీ విప్పి తుడిచాడు. అలవాటు ప్రకారం తలుపేసుకుని కూర్చున్నాడు. బయటికి వచ్చి చూస్తే దీపం ఎర్రగా ఉంది. పట్టీ మార్చి, నీళ్ళు తాగి, అరగంట ఆగి మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ ఎరుపే.

అప్పుడు అతనికి నవ్వొచ్చింది. దేవుడా, నిజంగా నవ్వొచ్చింది.

"అమ్మగారూ, మీరు ఊరికే బెంగపెట్టుకున్నారు. మీకే కాదు, నాకూ ఎరుపే చూపిస్తోంది. దీని బుర్రే చెడింది" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

అక్కగారు చప్పట్లు కొట్టింది. "నేను చెప్పలా! ఏమే, విన్నావా?"

చెల్లెలు గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. "అయినా ఒకసారి చూపించుకుని వస్తే పోయేదేముందక్కా? పేరు కూడా రాయించాం కదా."

"మేస్త్రిని చూడవే, రాయిలా ఉన్నాడు. ఆయనకే ఎరుపంటే ఇంక నీకేం కావాలి?"

"అంతేనంటారా మేస్త్రిగారూ?" అని అడిగింది చెల్లెలు.

"అంతేనమ్మా. నాది పాఠ్యపుస్తకమని డాక్టరే అన్నాడు" అన్నాడతను.

ఆ యంత్రానికి మొదటి ఏడాది, తాను నిజంగా బాగున్న రోజుల్లో చెప్పిన పాఠం ఉంది. దాన్ని చెరిపేసి, ఆనాటి తన ఒంటితో కొత్త పాఠం చెప్పాడు. మూడు కూతలు. అక్కగారు వెళ్ళి వచ్చింది. పచ్చదీపం. పాఠం మారింది గనక యంత్రం ఆవిడని మరిచిపోయింది, ఆవిడ ఇష్టాలన్నీ మళ్ళీ చెప్పాలి. మేస్త్రి విసుక్కోకుండా గంటసేపు కూర్చుని అన్నీ నమోదు చేశాడు. వెచ్చదనం నాలుగు వద్దు, మూడున్నర పెట్టమంది. మూత నెమ్మదిగా లేవాలి, చప్పుడు చెయ్యకూడదంది. పొద్దున ఐదున్నర. అతను వెళ్ళేటప్పుడు ఆవిడ సంచి మంచం మీద బోర్లించి, తువాలు కొక్కేనికి, దువ్వెన అద్దం దగ్గర పెట్టేస్తోంది. అంత సంతోషంగా ఆవిడని అతనెప్పుడూ చూడలేదు.

ఐదు నెలలు గడిచాయి. ఒక మేడ మీద రెండో అంతస్తు మెట్ల మధ్యలో మేస్త్రి కూలబడిపోయాడు. పైకి లేవలేకపోయాడు, మాట రాలేదు. ఇంటికి చేర్చాక అతను వద్దంటున్నా భార్య వినలేదు. చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి లాక్కుపోయింది. సోమవారం నాడు డాక్టరు పరీక్షల కాగితాలు ముందేసుకుని, రెండు కిడ్నీలూ దాదాపు పూర్తిగా పోయాయని చెప్పాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్ అన్నాడు.

"ఇది రెండు మూడేళ్ళుగా నడుస్తున్న వ్యవహారం. ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదా?"

"రోజూ చేయించుకున్నానండీ. పచ్చగానే వచ్చింది" అన్నాడు మేస్త్రి.

డాక్టరుకి అర్థం కాలేదు. మేస్త్రికి మాత్రం అయింది. ఆ కుర్చీలో అతనికి మొదట తన కిడ్నీలు గుర్తు రాలేదు. ఆ మంగళవారం గుర్తొచ్చింది. ఆ యంత్రం అతని గురించి నిజమే చెప్పింది. అలాగైతే అక్కగారి గురించి చెప్పిందీ నిజమే. పాదాల వాపు చూడటానికి డాక్టరు వంగితే, అతను ఆయన తలకేసి చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చాక భార్యకి అంతా చెప్పాడు. ఆవిడ మిషను ఆపేసింది.

"ఆవిడ బాగానే ఉందా ఇప్పుడు?"

"తెలీదు."

"ఫోను చెయ్యండి."

"ఫోనులో చెప్పే మాటేనా ఇది?"

"అయితే రేపు పొద్దున్నే వెళ్ళండి. నేనూ వస్తాను."

"వెళ్తాలే" అన్నాడు. వెళ్ళలేదు. మర్నాడు డయాలసిస్‌కి వెళ్ళాడు. ఆ మర్నాడు ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడు. ఇవి సాకులు కావు, నిజాలే. నాలుగో రోజు ఆఫీసుకి వెళ్ళి సర్వీసు పనులు చూసే మేడంతో ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు. ఆవిడ తలుపు మూసొచ్చి కూర్చుంది. తిట్టలేదు.

"ఇది బయటికి పొక్కితే మీరూ ఉండరు, నేనూ ఉండను. సర్వీసు పేరు చెప్పి ఒక్కో ఇంటికీ వెళ్ళండి, అసలు సీసాలతో పాఠం మార్చి రండి. నోరు మాత్రం తెరవకండి" అంది. మంచుపెట్టె నిండా సీసాలు ఇప్పించింది. నాలుగేళ్ళలో ఎన్నడూ అన్ని సీసాలు ఒక్కసారి రాలేదు.

మేస్త్రి తన డైరీ తీసి ఇంటింటికీ బయల్దేరాడు. డయాలసిస్ లేని రోజుల్లో నాలుగు ఇళ్ళు, ఐదు ఇళ్ళు తిరిగేవాడు. పాఠం మార్చడం, మనుషుల ఇష్టాలు మళ్ళీ నమోదు చెయ్యడం, మారు మాట్లాడకుండా రావడం. రెండిళ్ళలో అప్పటికప్పుడు పసుపు వెలిగింది. "ఒకసారి డాక్టరుకి చూపించుకోండి, ఊరికే" అని తల వంచుకుని వచ్చేశాడు. అక్కచెల్లెళ్ళ ఇల్లు ఉన్న పేజీ వచ్చినప్పుడల్లా దాన్ని దాటించి తర్వాతి పేజీ తిప్పేవాడు. రోజూ సాయంత్రం భార్య ఒకటే అడిగేది, "వెళ్ళారా?" అని. రేపనేవాడు. ఆవిడ మొహం తిప్పుకునేది. పెళ్ళయ్యాక అంతలా అతని మీద ఆవిడకి ఎప్పుడూ కోపం రాలేదు. పిరికితనం అనాలా దీన్ని? అనాలి. మెత్తని మాట వెతికి ప్రయోజనం లేదు.

పంతొమ్మిదో రోజు వెళ్ళాడు. చెల్లెలు తలుపు తీసింది. చిక్కిపోయి ఉంది. అతన్ని చూసి ఆవిడ మొహం వెలిగింది.

"మీకు కబురు చేద్దామనే అనుకున్నాను మేస్త్రిగారూ, నంబరు దొరకలేదు. అక్క పోయింది."

మేస్త్రి గుమ్మం పట్టుకున్నాడు.

"రెండు వారాలు కావస్తోంది. ఆదివారం పొద్దున. కాఫీ తాగుతూ గుండె ఆగిపోయింది. వయసు కదా, అలా పోవడం అదృష్టమన్నారు డాక్టరు. లోపలికి రండి, కూర్చోండి." ఆవిడ ఫ్యాను వేసి ఎదురుగా కూర్చుంది. "ఆ రోజు పొద్దున కూడా దీపం పచ్చగానే ఉంది. నేనే చూశాను. ఏ జబ్బూ లేకుండా, ఆస్పత్రి మెట్లెక్కకుండా వెళ్ళిపోయింది. నాకు అదొక్కటే తృప్తి. మీ చలవే."

ఆ మాట దగ్గర మేస్త్రికి సర్వీసు మేడం చెప్పింది గుర్తొచ్చింది. ఇప్పుడు నోరు తెరిచి ఎవరికి ఏం ఒరుగుతుంది? పోయినావిడ రాదు. బతికున్నావిడకి ఆ ఒక్క తృప్తి మిగిలింది, దాన్నీ లాక్కోవాలా? పాఠం మార్చేసి లేచిపోతే చాలు.

"సర్వీసు చెయ్యాలమ్మా. పాఠం మార్చాలి" అన్నాడు.

"పాఠం మారిస్తే అన్నీ చెరిగిపోతాయి కదా?"

"అవునమ్మా."

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఒక విషయం చెబితే నవ్వకూడదంది. పొద్దున ఐదూ ఇరవై ఎనిమిదికి అక్క కోసం అది ఇప్పటికీ వెచ్చబడుతోంది. ఆ వేళకి తనకి మెలకువ వచ్చేస్తోంది. వెళ్ళి ఒకసారి చెయ్యి పెట్టి చూసి వస్తోంది. "అక్క అప్పుడే లేచి వెళ్ళినట్టు ఉంటుంది. పిచ్చిదాన్ని కదూ? ఇంకో ఆర్నెల్లు దాన్ని ముట్టుకోకండి మేస్త్రిగారూ. నాకు ఎలాగూ రోజూ పచ్చగానే వస్తోంది."

మీకు నవ్వొస్తే నవ్వండి. మేస్త్రికి రాలేదు. ఈ ఇంట్లో ఆ దీపాన్ని నమ్ముకుని ఇంకొక మనిషి ఉంది. ఇక నోరు మూసుకుని కూర్చునే దారి లేదు.

చెప్పాడు. సీసాల సంగతి, పాఠ్యపుస్తకం సంగతి, తన కిడ్నీలు, ఆ మంగళవారం తాను ఎందుకు నవ్వాడో అన్నీ చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఆవిడ అడ్డు రాకుండా అంతా వింది.

"మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది చివరికి.

ఇక్కడ అబద్ధం చెప్పొచ్చు. నిన్ననే అంటే సరిపోతుంది, ఎవరూ పట్టుకోలేరు.

"పంతొమ్మిది రోజులైందమ్మా. సోమవారం నాడు."

ఆవిడ గోడ మీద క్యాలెండరు కేసి చూసింది. పెదవులు కదులుతున్నాయి. సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్కపెడుతోందని అతనికి తెలుసు, అప్పటికే అతనూ లెక్కపెట్టుకున్నాడు. ఆరు రోజులు. ఈ వీధికి రావడానికి ఆరు రోజులు ఉన్నాయి అతని చేతిలో. ఆ ఆరు రోజుల్లో వచ్చినా అక్కగారు బతికేదో లేదో ఎవరూ చెప్పలేరు, ఆ మాట డాక్టర్ని అడిగే ధైర్యం అతనికి జన్మలో రాదు.

ఆవిడ ఏడవలేదు, అరవలేదు. తుంటి విరిగిన పెద్దాయన ఇంటివాళ్ళలాగే ఒక్క మాట అనలేదు. "రేపు పది గంటలకి రండి. రేపు పొద్దున ఒక్కసారి చూసుకుంటాను" అని లేచి తలుపు తీసి పట్టుకుంది.

మర్నాడు పదింటికి వెళ్ళాడు. ఆవిడ తలస్నానం చేసి, జుట్టు ముడేసుకుని ఉంది. "కానివ్వండి" అంది. మంచుపెట్టె లోంచి సీసా తీశాడు. తేటగా ఉంది. రెండు మీటలూ నొక్కి పట్టుకున్నాడు. ఆవిడ పక్కనే నిలబడి చూసింది. యంత్రం మూడుసార్లు కూత పెట్టి, ఎవరినీ ఎరగనట్టు మూత మూసుకుంది.

"పెద్దమ్మగారివి నాకు గుర్తున్నాయమ్మా. మూడున్నర వెచ్చదనం, ఐదున్నర. మళ్ళీ పెట్టమంటే పెడతాను" అన్నాడు లేవకుండానే.

"అక్కర్లేదు. మనిషి లేదు కదా."

తర్వాత ఆవిడ లోపలికి వెళ్ళి వచ్చింది. దీపం పచ్చగా వెలిగింది. మేస్త్రి సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"మీరు కూర్చోలేదే? మొదట మీరే కూర్చుంటారు కదా ఎప్పుడూ" అంది ఆవిడ.

"ఇప్పుడు మానేశానమ్మా."

"కూర్చోండి. నేను చూడాలి."

అతను ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు. లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఇప్పుడు నీళ్ళు కొలిచి తాగుతున్నాడు గనక చాలాసేపు పట్టింది. తలుపు తీసేసరికి ఆవిడ చేతులు కట్టుకుని గోడ ముందు నిలబడి ఉంది. దీపం ఎర్రగా వెలుగుతోంది.

"ఆ రోజూ ఇదే రంగా?"

"ఇదేనమ్మా."

ఆవిడ ఇంకా దాన్నే చూస్తోంది. "ఆస్పత్రికి వెళ్తున్నారా మీరు?"

"వెళ్తున్నానమ్మా. వారానికి రెండుసార్లు."

"మానకండి."

మేస్త్రి పెట్టె భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కున్నాడు. పట్టీలు బిగుతుగా ఉన్నాయి. వంగి వదులు చేసుకుంటుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చింది.

"మా అక్క కూడా వెళ్ళేదే మేస్త్రిగారూ, ఆ గురువారం. సంచి కూడా సర్దుకుంది."